వదిన మార్చుకున్న వంతు

మా వదినకు పీహెచ్‌డీ పిచ్చి పట్టిందని ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. నేను బట్టలు కుడతాను. వీధివైపు గదిలో మిషను, కటింగు బల్ల, నిలువుటద్దం పెట్టుకుని కూర్చున్నదాన్ని. మనుషులు ఒళ్లు చేసినా చిక్కినా అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. ఆ ఏడాది వదిన చిక్కనూ లేదు, ఒళ్లు చేయనూ లేదు. కానీ కొలతలు తీస్తుంటే ఒక్కచోట నిలబడటం మానేసింది. టేపు భుజం మీద పెట్టానో లేదో "ఒక్క నిమిషం" అని లోపలికి పరుగెత్తి, దొరికిన కాగితం మీద ఏదో గీకి వచ్చేది.

"మనుషులు ఒకరికొకరు సాయం చేసుకోవడం ఎందుకు మానేస్తారే కత్తెరమ్మా?" అని అడిగింది ఒకరోజు. నా నోరు కాస్త పదునని తను పెట్టిన పేరు అది.

"ముందు చెయ్యెత్తు. చంక కొలత తీయాలి," అన్నాను.

చెయ్యెత్తింది. ఎత్తిన చేత్తోనే గాల్లో బాణం గుర్తులు గీయడం మొదలుపెట్టింది. ఇది మామూలు జ్వరం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

వదిన బస్సు డిపోలో డ్యూటీలు వేస్తుంది. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలి, ఏ కండక్టరు ఏ రూటుకు పోవాలి, ఎవరికి పొద్దుటి షిఫ్టు, ఎవరికి సాయంత్రం షిఫ్టు, అన్నీ ఆమె వేసే చార్టులోనే ఉంటాయి. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను "డ్యూటీ అక్క" అనే పిలుస్తారు. ఎంత జాగ్రత్తగా వేసినా చార్టు చార్టే, బతుకు బతుకే కదా. ఒకరికి ఒంట్లో బాగుండదు, ఇంకొకరికి ఇంట్లో బాగుండదు. అప్పుడు వాళ్లలో వాళ్లే మార్చుకుంటారు. "రేపు నా పొద్దుటిది నువ్వు చేస్తావా? నీ సాయంత్రానిది నేను చేస్తా." వీలైతే సరే, కాకపోతే కుదరదు. అంతే. "ఎందుకు?" అని మాత్రం అడగకూడదు. అలా అడిగితే అవతలి మనిషిని నమ్మనట్టు. డిపోలో అందరికంటే పెద్ద డ్రైవరు ఒకాయన ఉన్నాడు, బ్రేకు బాబాయ్. ఆయన బస్సెక్కితే క్షేమంగా చేరడం ఖాయం, ఎప్పుడు చేరతామన్నదే ప్రశ్న. కొత్తగా చేరినవాళ్లకు ఆయన నేర్పే మొదటి పాఠం ఇదే: "వంతు అడిగితే ఇయ్యి, లేకపోతే ఇయ్యకు. కారణం మాత్రం అడక్కు."

ఇలా ఉండగా పైఆఫీసు వాళ్లు ఫోన్లోకి ఒక యాప్ తెచ్చారు. మార్పులన్నీ ఇకనుంచి అందులోనే. కారణం రాయాలి, మేనేజరు ఒప్పుకోవాలి, ఎవరు ఎన్ని వంతులు ఇచ్చారో ఎన్ని పుచ్చుకున్నారో అందరికీ కనిపిస్తుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. కొన్ని నెలలు తిరిగేసరికి మార్చుకోవడం సగానికి పడిపోయింది, చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టడం పెరిగింది. "జనం బద్ధకస్తులైపోయారు," అని తేల్చేశాడు డిపో మేనేజరు. వదిన ఒప్పుకోలేదు. మనుషులు పాతవాళ్లే, మారింది ఫోనే అన్నది ఆమె వాదన. ఆ వాదన ఇంటికి తెచ్చి అన్నం తింటూ మా మీద, నిద్రలో అన్నయ్య మీద ప్రయోగించింది.

అన్నయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. "ఏమోయ్, ఇలాంటి ప్రశ్నలు వేసుకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు తెలుసా?" అని ఒక ఆదివారం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మేనేజ్‌మెంట్‌లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ అని ఒక శాఖ ఉందట. పనిచేసే చోట మనుషులు ఎందుకు అలా ఉంటారు, ఎందుకు ఇలా ఉండరు అన్నదే వాళ్ల చదువట. వదిన చాలా ఏళ్ల క్రితం దూరవిద్యలో ఎంబీఏ చేసినప్పుడు ఆ పేరుతో ఒక పుస్తకం చదివింది గానీ, అది పరీక్షకోసం చదివిన చదువు. ఆ ఆదివారం మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఆస్పత్రుల్లో నర్సులు తప్పు జరిగితే ఎవరికి చెప్తారు, ఎవరికి చెప్పరు అని ఒకావిడ ఏళ్లతరబడి చూసిందట! కత్తెరమ్మా, విన్నావా? దానికి జీతం కూడా ఇచ్చారట!" అని కేకలు పెట్టింది. ఆమె మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా. నలభై దాటిన మనిషి కొత్త చెప్పులు కొనిచ్చిన పిల్లలా ఉంది.

అయితే ఒక తిరకాసు ఉంది. వదిన ఉద్యోగంలో చదువుకోవడానికి సెలవిస్తారు, సగం జీతమూ ఇస్తారు, కానీ నలభై రెండు నిండితే ఇవ్వరు. వదినకు ఆ ఏడాదే ఆఖరు. ఈసారి సీటు రాకపోతే ఉద్యోగం మానుకుని చదవాలి. ఇంటి పరిస్థితి అలా లేదు. అంటే ఈసారి రాకపోతే ఇక లేనట్టే. ఆ సంగతి ఎవరం పైకి అనలేదు గానీ, అందరం దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాం.

మూడు చోట్లకు అప్లై చేద్దామనుకున్నాం. "అనుకున్నాం" అంటున్నాను, ఎందుకంటే ఇల్లంతా అందులో దిగింది. ప్రవేశ పరీక్షకు అన్నయ్య స్టాటిస్టిక్స్ చెప్పాడు. సొంత పెళ్లానికి లెక్కలు చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఒకరోజు "ఇంత చిన్న విషయం కూడానా!" అని నోరు జారాడు, రెండు పూటలు ఇంట్లో మాటల్లేవు. మళ్లీ తనే వచ్చి, డిపో బస్సుల ఆలస్యాలతో లెక్కలు తయారుచేసి ఇచ్చాడు. అప్పటినుంచి వదినకు లెక్కలు తలకెక్కాయి.

ఇక ఎందుకు చదవాలనుకుంటున్నానో చెబుతూ ఒక వ్యాసం రాయాలి. మొదటిసారి రాసింది నాకు చదివి వినిపించింది. చిన్నప్పటినుంచీ చదువంటే ప్రాణమని, క్రమశిక్షణ అంటే ఇష్టమని, సమాజానికి సేవ చేయాలని ఉంది.

"వదినా, ఇది ఎవరిది?" అన్నాను.

"నాదే."

"ఊళ్లో ఎవరికైనా సరిపోతుంది. నీ కొలతలేవీ ఇందులో? డిపో ఏది? బ్రేకు బాబాయ్ ఏడి?"

మొహం ముడుచుకుంది గానీ చించి పారేసింది. మళ్లీ రాసింది, మళ్లీ చించింది. చివరికి యాప్ వచ్చిన మొదటి రోజు డిపోలో ఏం జరిగిందో దానితో మొదలుపెట్టింది. అది వింటుంటే నేను మిషను తొక్కడం ఆపేశాను.

సిఫారసు ఉత్తరాలు ముగ్గురివి కావాలి. డిపో మేనేజరు రాసిన దాంట్లో వదిన ఎప్పుడూ సమయానికి వస్తుందని, కార్యాలయ సామగ్రిని పొదుపుగా వాడుతుందని ఉందట. "పరవాలేదు, పెన్నులు ఎత్తుకుపోదని తెలిసింది," అన్నాడు అన్నయ్య.

ఇంటర్వ్యూకు తయారుచేసే బాధ్యత అమ్మ తీసుకుంది. అమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. డాక్టర్లు కూడా తన ముందు నోరెత్తేవారు కాదని తనే చెబుతుంది; కాదనడానికి ఆ డాక్టర్లెవరూ ఇక్కడ లేరు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి కోడలిని ఎదుట కూర్చోబెట్టింది.

"నీకీ చదువు ఎందుకు?"

"నాకొక ప్రశ్న ఉందండీ..."

"ప్రశ్న ఉంటే లైబ్రరీకి వెళ్లు. మా దగ్గరికెందుకొచ్చావ్?"

"అత్తయ్యా, అలా అడగరేమో."

"నేనైతే అడుగుతా. మళ్లీ చెప్పు."

వారం తిరిగేలోపు వదిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది. అమ్మ బాగుందనలేదు. "ఊఁ" అంది. అమ్మ ఊఁ అంటే మెడలో దండ వేసినట్టే.

మొదటి యూనివర్సిటీ అసలు ఇంటర్వ్యూకే పిలవలేదు. రెండోది వీడియోలో జరిగింది. వదిన తలుపేసుకుని కూర్చుంది, మేం ముగ్గురం తలుపుకు చెవులు ఆనించి నిలబడ్డాం. అంతా బాగానే పోతోంది. చివర్లో ఎవరో "మీ ప్రశ్న బాగుంది. మీ జవాబు ఏమిటి?" అని అడిగారు. వదిన "ఇంకా తెలియదండీ" అంది. ఆ తర్వాత నాలుగు ముక్కలు మాట్లాడి థాంక్యూ చెప్పేశారు. పది రోజుల తర్వాత రాలేదని మెయిల్ వచ్చింది.

ఆ రోజు నేనే తప్పుపట్టాను. "తెలియదంటే ఎవరిస్తారు వదినా? నా దగ్గరికొచ్చి జాకెట్టు కుడతావా అంటే తెలియదంటానా? తెలిసినా తెలియకపోయినా గట్టిగా చెప్పాలి." అన్నయ్య కూడా తలూపాడు. వదిన మూడోదానికి పంపే పరిశోధన ప్రతిపాదనలో నాలుగో పేజీ తిరగరాసింది. అందులో గట్టి జవాబు పెట్టింది: సాయమంటే ఒకరకం బాకీ. తిరిగి వస్తుందన్న నమ్మకం లేకుండా పనిచోట ఎవరూ ఎవరికీ వంతు ఇవ్వరు. ఆ బాకీ లెక్క లీలగా ఉన్నంతకాలం సాఫీగా నడిచింది. యాప్ దాన్ని అంకెల్లో చూపించేసరికి జనానికి మొహమాటం వేసింది, మానేశారు. చదివితే నాకూ నిజమేననిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నంత ధీమాగా ఉంది ఆ పేజీ.

మూడోచోటు నుంచి పిలుపొచ్చింది. నేరుగా రమ్మన్నారు. అన్నిటికంటే పెద్ద సంబరం, అక్కడ షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల గురించే పాతికేళ్లుగా పరిశోధన చేస్తున్న ప్రొఫెసరు ఒకాయన ఉన్నాడు. వదిన ఆయన వ్యాసాలన్నీ చదివింది. ఆయనకు మెయిల్ రాస్తే రెండు వాక్యాల జవాబొచ్చింది. ఆ రెండు వాక్యాలూ డిపోలో చదవనివాళ్లు లేరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఆయన ఉంటాడని తెలిసి వదిన కాళ్లు నేల మీద ఆనలేదు. తోడుగా నేను వెళ్లాను. కొట్టుకు తాళం వేసి, ఆమెకు నేను కుట్టిన కొత్త జాకెట్టు తొడిగి, తెల్లవారకముందే బస్సెక్కాం. దారి పొడుగునా నా చేత ప్రశ్నలు అడిగించుకుంది. మా వెనక సీటాయన కూడా ఒకటి అడిగాడు.

అక్కడ పొడుగాటి వరండా, గోడవారగా వరసగా కుర్చీలు, చివర నీళ్ల మిషను, తలుపు పక్కన బల్ల వేసుకుని ఒక గుమాస్తా. గోడ మీద ఎవరి వంతు ఎప్పుడో అంటించారు. వదినది పొద్దుట రెండో వంతు. ఎనిమిదిమంది అభ్యర్థులు; ఎవరి జవాబులు వాళ్లు పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నారు. మొదటి మనిషి లోపలికి వెళ్లాడు. వదిన నీళ్లు తాగి, కొంగు సర్దుకుని, నాలుగో పేజీ ఒకసారి చూసుకుంది.

అప్పుడు పక్క కుర్చీలోంచి నీలం ఫైలు పట్టుకున్న అమ్మాయి వంగింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చేతిలో ఫోను అదేపనిగా మోగుతోంది.

"అక్కా, మీది తర్వాతి వంతు కదా. నాది మధ్యాహ్నం. మార్చుకుంటారా?"

"సరే," అంది వదిన.

నేను ఇంకా "ఎందు..." అని నోరు తెరుస్తున్నాను, వదిన నా తొడ గిల్లింది. ఆ అమ్మాయి "థాంక్సక్కా" అని లేచి గుమాస్తా దగ్గరికి వెళ్లింది. ఆయన పేర్లు కొట్టేసి అటూ ఇటూ మార్చాడు. రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది, నీలం ఫైలు లోపలికి వెళ్లిపోయింది.

"ఎందుకో అడగొచ్చు కదా!" అన్నాను.

"వంతు అడిగినవాళ్లని ఎందుకని అడుగుతామా ఏంటి?"

"ఇది డిపో కాదు వదినా. ఆ పిల్ల నీకు పోటీ!"

"పోటీ అయితే? నేను మధ్యాహ్నం చేస్తా. ఏం పోయింది?"

ఏం పోయిందో గుమాస్తా చెప్పాడు. టీ తాగుతూ, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. పొద్దుట ఒక ప్యానెల్, మధ్యాహ్నం ఇంకో ప్యానెల్. వదిన దరఖాస్తు పొద్దుటి వాళ్లు చదువుకుని ఉన్నారు. మధ్యాహ్నం వాళ్ల దగ్గర నీలం ఫైలు అమ్మాయిది ఉంది. షిఫ్టుల ప్రొఫెసరు పొద్దుటి ప్యానెల్‌లోనే ఉంటాడు, పన్నెండింటికి ప్రయాణం.

డిపోలో వంతు మారితే బస్సు మారదు, రూటు మారదు, మనిషే మారతాడు. ఇక్కడ వంతు మారితే ఎదుట కూర్చునేవాళ్లే మారిపోతారని వదినకేం తెలుసు? పొద్దుటి వంతుల్లో ఇంకోటి ఇవ్వమని గుమాస్తాను బతిమాలాను. కుదరదన్నాడు. వదిన మారిన పేర్ల కాగితం వైపే చూస్తూ కూర్చుంది. నేను మాత్రం ఊరుకోలేదు. "చేతికందింది నోటికందకుండా చేసుకున్నావు. దానకర్ణుడి చెల్లెలివి. సెలవుకు ఇదే ఆఖరి ఏడాదని గుర్తుందా?" అని వరండాలోనే తిట్టాను. తిడుతూనే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలలు ఆమె ఎలా చదివిందో నేను చూశాను మరి.

పన్నెండింటికి తలుపు తెరుచుకుని ఒకాయన చిన్న పెట్టె లాక్కుంటూ బయటికొచ్చాడు. వదిన గభాలున లేచి నిలబడింది. ఆయన ఎవరో తెలియని మనిషికి ఊపినట్టు తలూపి, లిఫ్టెక్కి వెళ్లిపోయాడు. వదిన లిఫ్టు తలుపు మూసుకునేదాకా అలాగే నిలబడి, తర్వాత కూర్చుని, "తిట్టింది చాలు. నాకు కొంచెం నీళ్లు పట్టుకురా," అంది.

లోపల జరిగింది నేను చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ముగ్గురి గొంతులూ తనే చేసి చూపించింది, కాబట్టి చూసినట్టే.

ముగ్గురున్నారట. మధ్యలో వెండిజుట్టు మేడమ్, ఒక పక్క సన్నగొంతు కుర్ర ప్రొఫెసరు, ఇంకో పక్క గడియారం తప్ప ఏమీ చూడని పెద్దాయన. మేడమ్ కాగితం చూసి, మనిషిని చూసి, "మీరు ఈ అభ్యర్థి కాదే," అంది. వదిన వంతు మార్చుకున్నానని చెప్పింది. అప్పటికప్పుడు పక్కగదిలోంచి వదిన దరఖాస్తు తెప్పించారు. మేడమ్ దాన్ని ఆమె ఎదుటే చదవడం మొదలుపెట్టింది, పెన్సిలు పట్టుకుని, ఒక్కో పేజీ. మన రాత ఎదుటివాళ్లు చదువుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే సూదిలో దారం ఎక్కించమన్నా నయమే అంది వదిన. నాలుగో పేజీ దగ్గర పెన్సిలు ఆగిందట.

"మీతో వంతు మార్చుకున్నావిడ మీకు స్నేహితురాలా?"

"కాదు మేడమ్. ఇవాళే చూశాను."

"పేరు?"

"తెలియదు."

"ఎందుకు మార్చమందో చెప్పిందా?"

"నేను అడగలేదు."

"మీ సాయం ఆవిడ ఎప్పటికైనా తిరిగి తీరుస్తుందనుకున్నారా?"

"ఎలా తీరుస్తుంది మేడమ్? మళ్లీ కనిపిస్తుందో లేదో."

మేడమ్ ఆ పేజీ తిప్పి వదిన ముందు పెట్టింది. "తిరిగి వస్తుందన్న నమ్మకం లేకుండా పనిచోట ఎవరూ వంతు ఇవ్వరని మీరే రాశారు. పొద్దున మీరే ఇచ్చారు. దీనికేమంటారు?"

గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అని నా గొంతు వదిన చెవిలో వినిపించిందట. "ఇది పనిచోటు కాదు కదా" అని దబాయించబోయింది కూడా. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఆగిపోయింది. ఎందుకంటే తను ఇచ్చింది డిపో అలవాటుతోనే. డిపోలో నిన్న చేరిన కుర్రాడు అడిగినా అలాగే ఇస్తారు. వాడు తిరిగి ఇస్తాడని ఎవరు లెక్కేసుకున్నారు?

"నేను రాసింది తప్పు మేడమ్," అంది. "సగమైనా తప్పే."

"అయితే సరైనదేది?"

"తెలియదు. ఒక్క నిమిషం ఉండండి."

ఇంటర్వ్యూలో ఒక్క నిమిషం ఉండండి అన్న మనిషి మా వదినొక్కతే అయ్యుంటుంది. ఉన్నారట వాళ్లు. వదిన తలవంచుకుని ఆ పొద్దుటి సంగతే మళ్లీ తిరగేసింది. ఆ అమ్మాయి అడగడం, తను సరే అనడం. మధ్యలో లేనిదేమిటి? ఎందుకు అన్న మాట. ఆ అమ్మాయి కారణం చెప్పాల్సి వచ్చి ఉంటే, ఈ వరండాలో ఇంతమంది ముందు, బహుశా అడిగేదే కాదు. చప్పున తలెత్తింది. "మేడమ్, నేను ఎప్పుడూ అంకెల వైపే చూశాను. ఎవరెన్ని ఇచ్చారు, ఎన్ని పుచ్చుకున్నారు అని. యాప్‌లో కారణం రాయాలి కూడా! అది రాయకుండా ముందుకు పోదు. మావాళ్లకి సిగ్గు బాకీ వల్ల కాదేమో, చెప్పుకోవాల్సి రావడం వల్లేమో!"

కూర్చోలేక లేచి నిలబడిందట. సన్నగొంతు ప్రొఫెసరు కూడా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఏదో ఒకటి ఊహించడం తేలికేనండీ. అంకెలు చూపడం, ఎందుకో రాయించడం రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది కారణమో ఎలా విడదీస్తారు?"

వదిన ఏవేవో అంది; అతను ఒక్కొక్కటీ కొట్టేశాడు. చివరికి మేడమ్ అడిగింది: "యాప్ అన్ని డిపోల్లోనూ ఒకేలా ఉందా?"

"ఉంది మేడమ్... ఉండండి, లేదు! అవతలి డిపోలో మేనేజరు కారణం గడి వద్దన్నాడు. రోజూ అవన్నీ చదవలేక. అంకెలు కనిపిస్తాయి, కారణం అక్కర్లేదు."

"అక్కడ మార్పులు తగ్గాయా?"

"నాకు తెలియదు. నేనెప్పుడూ చూడలేదు!" తెలియదన్న మాటను అంత సంతోషంగా చెప్పిన మనిషిని వాళ్లు చూసి ఉండరు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు డిపోలూ గీసేసింది. సన్నగొంతు ప్రొఫెసరు వచ్చి, అవతలి డిపోకూ దీనికీ ఇంకా ఎన్ని తేడాలుండొచ్చో పక్కనే రాస్తూ పోయాడు. వదిన గీసిన అందమైన బొమ్మ అంతా చెడగొట్టేశాడు. "అంత తొందరపడి మురిసిపోకండి," అన్నాడట. పెద్దాయన గడియారం చూడటం మానేసి, అక్కడి డ్రైవర్ల వయసు ఎంతుంటుందని అడిగాడట. మా వదిన బయటికొచ్చేసరికి తర్వాతి అభ్యర్థి వరండాలో రెండుసార్లు నీళ్లు తాగేశాడు. ఆమె జాకెట్టు నిండా సుద్ద.

ఇంటికొచ్చాక ఎదురుచూపులు మొదలయ్యాయి. ఇంటర్వ్యూ బాగా జరిగిందా అంటే వదిన "చాలా బాగా జరిగింది, వాళ్లు నా ప్రతిపాదన మొత్తం కూలగొట్టేశారు," అనేది. మాకు ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. సెలవు దరఖాస్తుకు గడువు దగ్గర పడుతోంది. అన్నయ్య మెయిల్ చూసి చూసి వేళ్లు అరగదీసుకున్నాడు. నేను మాత్రం మాట మార్చలేదు: ఆ నీలం ఫైలు అమ్మాయికి నేనైతే వంతు ఇచ్చేదాన్ని కాదు, ఇప్పటికీ ఇవ్వను. ఆ పిల్ల కష్టమేమిటో, దానికి సీటొచ్చిందో లేదో మాకు ఈనాటికీ తెలియదు. వదిన మాత్రం ఈ గొడవేదీ పట్టనట్టు, సెలవు దొరికినప్పుడల్లా అవతలి డిపోకు పోయి డ్రైవర్లతో కబుర్లు చెప్పి వస్తోంది.

ఫోను వచ్చినప్పుడు నా గదిలోనే ఉన్నాం. అమ్మ కుర్చీలో, అన్నయ్య గుమ్మంలో, నేను కత్తిరించిన పీలికల మధ్య. వదిన ఫోను చెవిన పెట్టుకుని "అవును మేడమ్... ఊఁ... సరే మేడమ్... అలాగే మేడమ్" తప్ప ఏమీ అనలేదు. పెట్టేసి మా వైపు తిరిగింది.

"నాలుగో పేజీ తప్పట!" అని ఎగిరి గంతేసింది. "మొత్తం తప్పట! ఆ కొత్తది కూడా తప్పే అయ్యుండొచ్చట!"

అన్నయ్య దగ్గరికొచ్చి వదిన భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేవోయ్. నువ్వు చేయగలిగిందంతా చేశావు. సీటు ముఖ్యమా..."

"వాళ్లకి కళ్లు లేవు," అంది అమ్మ. "అలాంటి చోట చదవకపోతేనేం."

"అన్నీ ఆ నీలం ఫైలు వల్లే!" అన్నాను నేను.

వదిన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "అబ్బ, మాట పూర్తి కానివ్వరే! తప్పయితే ఎక్కడ తప్పో అక్కడికే వచ్చి తేల్చమన్నారు. సీటిచ్చి తేల్చమన్నారు!"

ఆ తర్వాత ఎవరు ఎవరిని పట్టుకుని గెంతారో చెప్పలేను. అన్నయ్య కళ్లజోడు కింద పడింది, నేను కటింగు బల్ల మీద చెయ్యి కొట్టుకున్నాను, నొప్పి మర్నాటికి గానీ తెలియలేదు. నా పెళ్లినాడు కూడా నేను అంత సంతోషపడలేదు. గెంతి గెంతి వదిన పీలికల కుప్ప మీద చతికిలబడింది. ఉన్నట్టుండి ఏడుపందుకుంది. వెక్కుతూనే, "ఇన్నేళ్లూ అందరికీ డ్యూటీలు వేశాను అత్తయ్యా. నాకు నేను వేసుకున్న డ్యూటీ ఇదొక్కటే," అంది.

అమ్మ కుర్చీలోంచి లేచి, ఆ నొప్పుల మోకాళ్లతోనే మెల్లగా కిందికి వంగి, కోడలి పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. అమ్మను మళ్లీ లేపడానికి ముగ్గురం కావలసివచ్చింది.